లినక్స్ నేర్చుకోవడానికి డ్యూయల్ బూటా, వర్చువల్ మెషీనా?

డ్యూయల్ బూట్ అంటే ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండింటినీ విడివిడిగా ఇన్‌స్టాల్ చేసుకోవడం; వర్చువల్ మెషీన్ అంటే సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్‌లో లినక్స్ నడపడం. ఖర్చులో తేడా లేదు. ఉబుంటు అనే లినక్స్ రకం, వర్చువల్ మెషీన్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ రెండూ ఉచితమే.

వర్చువల్ మెషీన్ విండోస్ లోపలే నడుస్తుంది. డ్యూయల్ బూట్‌లో ఒకదాని నుంచి మరొకదానికి మారాలంటే ప్రతిసారీ ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేయాలి.

8 జీబీ ర్యామ్‌లో సగం వర్చువల్ మెషీన్‌కు కేటాయిస్తే రెండు వ్యవస్థలూ నత్తనడక నడవవచ్చు; డ్యూయల్ బూట్‌లో ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు పూర్తిగా లినక్స్‌కే దక్కుతాయి.

అసలు ఆలోచించవలసింది ప్రమాదం గురించే. వర్చువల్ మెషీన్ పాడైతే, ముందుగా తీసి ఉంచిన స్నాప్‌షాట్‌తో పాత స్థితికి తీసుకురావచ్చు. డ్యూయల్ బూట్ కోసం డిస్కును విభజించేటప్పుడు పొరపాటు జరిగితే ప్రాజెక్టు ఫైళ్లన్నీ పోవచ్చు. పైగా బిట్‌లాకర్ (డిస్కులోని సమాచారానికి తాళం వేసే విండోస్ సదుపాయం) ఉన్న ల్యాప్‌టాప్ రికవరీ కీ అడిగి ఆగిపోయే అవకాశం ఉంది కనుక, ఆ కీని, ఫైళ్ల నకలును ముందే వేరొక చోట భద్రపరచుకోవాలి.

ల్యాబ్ పరీక్షకు షెల్ కమాండ్లు సాధన చేసేవారికి వర్చువల్ మెషీన్ చాలు; నిజానికి విండోస్‌లోనే లినక్స్ కమాండ్లు నడిపే డబ్ల్యూఎస్ఎల్ అయినా సరిపోతుంది. సొంత గ్రాఫిక్స్ కార్డుపై మెషీన్ లెర్నింగ్ మోడళ్లకు శిక్షణ ఇచ్చేవారికి డ్యూయల్ బూట్ తగినది, అదీ సెమిస్టర్ పరీక్షలు ముగిశాకే.