ఐస్ హాకీ పవర్‌ప్లేకి ఏది మేలు: గొడుగా, 1-3-1ఆ?

రాయగడ, పర్లాకిమిడి వైపు మనవాళ్లకు హాకీ అంటే టర్ఫ్ మీద ఆటే. అక్కడ గ్రీన్ కార్డ్ పడితే, గోల్ అయినా కాకపోయినా రెండు నిమిషాలు బయటే. ఐస్ హాకీలో చిన్న తప్పుకి పడే మైనర్ పెనాల్టీ కూడా రెండు నిమిషాలే గానీ, అవతలివాళ్లు గోల్ కొట్టగానే శిక్ష తీరిపోతుంది. అందాకా, గోల్‌కీపర్లు కాక, ఐదుగురు నలుగురి మీద ఆడతారు. ఇదే పవర్‌ప్లే.

గొడుగు అమరికలో పైన నీలిగీత (దాడి చేసే భాగం మొదలయ్యే గీత) దగ్గర ఒకడు, ఇరుపక్కలా ఇద్దరు, గోల్ ముందు ఇద్దరు. దూరం నుంచి షాట్ వచ్చేటప్పుడు ఆ చివరి ఇద్దరూ గోల్‌కీపర్‌కి పక్ (ఆడే బిళ్ల) కనపడకుండా అడ్డం నిలబడతారు. పైన గట్టిగా కొట్టేవాడు లేకపోతే అంతా దండగే.

1-3-1లో గోల్ ముందున్న ఇద్దరిలో ఒకడు నడిమధ్యకు వస్తాడు: పైన ఒకడు, మధ్య వరసలో ముగ్గురు, గోల్ ముందు ఒకడు. నా ఓటు దీనికే. వాణ్ణి కాయడానికి డిఫెండర్లు లోపలికి జరిగారా, పక్కవాడు ఖాళీ. వాషింగ్టన్ క్యాపిటల్స్ ఆటగాడు ఒవెచ్కిన్ మైదానంలో ఎడమవైపు గీసిన సర్కిల్‌లో కాచుకుని, వచ్చిన పక్‌ను ఆపకుండానే బాదేది ఇలాగే. ఎక్కడుంటాడో అందరికీ తెలుసు, అయినా ఆపలేరు! వాడి మీదికి పరిగెత్తితే మధ్యవాడు ఖాళీ అవుతాడు మరి.

1-3-1లో పక్ పోగొట్టుకుంటేనే టెన్షన్: వెనక కాపలాకి ఒక్కడే. గొడుగులో పక్కవాళ్లు కాస్త పైనే ఉంటారు కాబట్టి ఆ భయం తక్కువ.