గుర్రం సీరం నాలుగు రోజులు, సైక్లోస్పోరిన్ నాలుగున్నరేళ్లు

సివియర్ అప్లాస్టిక్ అనీమియా అంటే ఎముకల్లోని మజ్జ రక్తకణాలు తయారు చేయడం దాదాపు మానేసే జబ్బు, అంతకు మించి పాఠం చెప్పను. నా అంకెలు మాత్రం చెప్పాలి. జబ్బు బయటపడేటప్పటికి నాకు 43 ఏళ్లు, బరువు 56 కిలోలు. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు 8 వేలు, ఇన్ఫెక్షన్లతో పోరాడే న్యూట్రోఫిల్స్ 300, హీమోగ్లోబిన్ 5.6, మూడూ బాగా తక్కువే. బయాప్సీలో మజ్జ ఉండాల్సిన చోట దాదాపు అంతా కొవ్వే. మజ్జ మార్పిడికి (ట్రాన్స్‌ప్లాంట్) చూస్తే అక్కది సగం మ్యాచ్ అయింది, తమ్ముడిది అసలు కాలేదు. ఒక్కో తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటే అని ముందే చెప్పారు, అయినా ఇద్దరున్నారు కదా, ఎవరో ఒకరిది కలవకపోతుందా అని ధీమాగా ఉన్నాం. కలవలేదు. ఇక మిగిలింది మందుల దారి: మజ్జను దెబ్బతీస్తున్న రోగనిరోధక కణాలను తగ్గించే గుర్రం ఏటీజీ సీరం, వాటిని అణిచి ఉంచే సైక్లోస్పోరిన్ మాత్రలు, వాటితో పాటు మొదటి ఆరు నెలలు మజ్జను ఉసిగొల్పే ఎల్ట్రాంబోపాగ్.

అందరూ భయపెట్టేది ఏటీజీ గురించే. గుర్రానికి మనిషి థైమస్ కణాలు ఎక్కించి, దాని రక్తంలో తయారైన యాంటీబాడీలు తీసి మనకు ఎక్కిస్తారు. నాకు కిలోకు 40 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు రోజులు. మొదటి రోజు మంచం ఊగిపోయేంత వణుకు, 102 జ్వరం. పదకొండో రోజున సీరం సిక్‌నెస్, అంటే ఆ గుర్రం సీరం మీద ఒళ్లు ఎదురు తిరగడం, వచ్చి మోకాళ్లూ, వేళ్ల కణుపులూ పట్టేశాయి, ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ పెంచితే వారంలో తగ్గింది. అంతే. కష్టమే, కానీ దానికొక మొదలూ చివరా ఉన్నాయి. కుందేలు ఏటీజీ కూడా ఉంది కదా, అదైతే ఏం అని అడిగితే, 2011లో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారని, ఆరు నెలలకు గుర్రంతో 68 శాతం మంది స్పందిస్తే కుందేలుతో 37 శాతమేనని డాక్టరు గారు చెప్పారు. ఆ తర్వాత గుర్రం మీద నాకు కొంచెం గౌరవం పెరిగిన మాట నిజం.

నా గొడవంతా సైక్లోస్పోరిన్‌తోనే. ఇది చెడ్డ మందని అనను, నన్ను నిలబెట్టింది ఇదే. కానీ దీనితో కాపురం చేయడం ఎలా ఉంటుందో ముందు ఎవరూ సరిగ్గా చెప్పరు. రేకు విప్పగానే ఒక ఘాటు వాసన వస్తుంది, మొదటి నెలంతా ఆ వాసనకే కడుపులో తిప్పేది. వారానికి సరిపడా ముందే విప్పి డబ్బాలో సర్దుకుందామంటే కుదరదు, వేసుకునే నిమిషం దాకా రేకులోనే ఉండాలి. చేతులు సన్నగా వణుకుతాయి, సూదిలో దారం ఎక్కించలేను, సంతకం తేడాగా ఉందని ఒకసారి వెనక్కి పంపారు. పైపెదవి మీద, చెంపల మీద, ముంజేతుల మీద జుట్టు. ఇది చిన్న విషయమని మగవాళ్లు అనుకోవచ్చు, నేను ఏడాది పాటు ఫొటోల్లోకి రాలేదు.

చిగుళ్ల సంగతి వేరే కథ. బీపీ పెరిగితే ఆమ్లోడిపిన్ రాశారు. సైక్లోస్పోరిన్ చిగుళ్లను ఉబ్బిస్తుంది, ఆమ్లోడిపిన్ కూడా అదే పని చేస్తుందట. రెండూ కలిసి ముందు పళ్లను సగం కప్పేదాకా ఆ విషయం ఎవరికీ తట్టలేదు, చివరికి పళ్ల డాక్టరే మీ బీపీ మాత్ర ఏమిటని అడిగారు. అది మార్చాక కొంత తగ్గింది, పూర్తిగా కాదు.

ఇవన్నీ భరించదగ్గవే. అసలు దెబ్బ రక్తపరీక్ష దగ్గర తగిలింది.

ఈ మందు రక్తంలో ఎంత ఉందో చూస్తూ డోసు సర్దుతారు, దాన్ని ట్రఫ్ లెవెల్ అంటారు. అంటే రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు, పొద్దున మాత్ర వేసుకోక ముందు, రక్తంలో మిగిలి ఉన్న అడుగు మట్టం. నా విషయంలో అది 150 నుంచి 250 నానోగ్రాముల మధ్య ఉండాలన్నారు. మొదటి ఏడాది పరీక్షలన్నీ ఆసుపత్రిలోనే చేయించుకున్నాను. పొద్దున ఏడింటికల్లా వెళ్లడం, రక్తం ఇవ్వడం, తర్వాత ఏదో తిని మాత్ర వేసుకోవడం. ఆ వరస ప్రయాణం వల్ల అలా కుదిరిందనుకున్నానే తప్ప, అదే అసలు నియమమని నాకు తెలియదు. ఎవరూ చెప్పనూ లేదు. బహుశా చెప్పే ఉంటారు, ఆ రోజుల్లో నా బుర్రలోకి ఏదీ ఎక్కేది కాదు.

పదిహేనో నెలలో, కౌంట్లు బాగున్నాయి, ప్రతిసారీ ఇంత దూరం ఎందుకు, దగ్గర్లో ఏదైనా ల్యాబులో ఇచ్చి రిపోర్టు పంపండి చాలన్నారు. ఆ మాటకు ఎంత సంతోషించానో! ఎనిమిదింటికి రోజూ లాగే మాత్ర వేసుకుని, పనులు చూసుకుని, పదింటికి తీరిగ్గా వెళ్లి రక్తం ఇచ్చాను. మాత్ర వేసుకున్న రెండు గంటలకు మందు రక్తంలో దాదాపు శిఖరం మీద ఉంటుంది. లెవెల్ 640 వచ్చింది. అదే రిపోర్టులో కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ 1.3. ఫోన్లో డ్యూటీ డాక్టరు, కిడ్నీ మీద పడుతోంది, పూటకు 125 మిల్లీగ్రాములు కాస్తా 75 చేయండి అన్నారు. ఆయన తప్పూ అనలేను, ఆ రెండు అంకెలు చూస్తే ఎవరైనా అదే అంటారు. ఎన్నింటికి వేసుకున్నారు అని మాత్రం అడగలేదు. ల్యాబు వాళ్లూ అడగలేదు.

నెల తర్వాత మళ్లీ అదే పదింటికి. ఈసారి 410. ఇంకా ఎక్కువే అని పూటకు 50 చేశారు. ఈలోగా 92 వేలున్న ప్లేట్‌లెట్లు 61కి, తర్వాత 34కి, చివరికి 17కి దిగాయి. ప్లేట్‌లెట్లు పడిపోతే కాళ్ల మీద వచ్చే ఎర్ర చుక్కలు మళ్లీ కనిపించిన రాత్రి నేను ఎవరికీ చెప్పలేదు, లైటు ఆర్పేసి పడుకున్నాను. ఆసుపత్రిలో రిలాప్స్, అంటే జబ్బు తిరగబెట్టింది, అన్న మాట వచ్చింది. ఈసారి రెండో కోర్సు ఏటీజీ ఇవ్వడమా, రిజిస్ట్రీలో బయటి దాత కోసం వెతకడమా, అక్కది సగం మ్యాచ్‌తోనే ట్రాన్స్‌ప్లాంట్‌కి పోవడమా అని మాటలు మొదలయ్యాయి. మా ఆయన ఒక నోట్‌బుక్ కొని మూడు గళ్లు గీశారు.

విషయం బయటపెట్టింది రక్తం తీసే నర్సు. మామూలుగా, ఏదో మాటవరసకు, "మాత్ర ఎన్నింటికి వేసుకున్నావమ్మా?" అంది. ఎనిమిదింటికి అన్నాను. "మరి ఇప్పుడు లెవెల్‌కి ఎందుకు ఇస్తున్నావు?" అంది. ఆ రోజూ వేసుకునే వెళ్లాను మరి. కడిగిన చేతులు తుడుచుకుంటూ డాక్టరు గారి గదిలోకి వెళ్లింది. మర్నాడు మాత్ర వేసుకోకుండా వచ్చి ఇస్తే లెవెల్ 48. అంటే ఎక్కువైందని తగ్గిస్తూ పోయిన మందు అప్పటికే ఉండాల్సిన దాంట్లో మూడో వంతు కూడా లేదు.

డోసు పెంచారు. ప్లేట్‌లెట్లు తిరిగి 80 వేలకు చేరడానికి ఐదు నెలలు పట్టింది, మధ్యలో మూడుసార్లు ఎక్కించుకున్నాను. ఇందులో ఒక మెలిక ఉంది, దాచడం న్యాయం కాదు: ఇదంతా ఆ పొరపాటు వల్లే అని ఖాయంగా చెప్పలేమని డాక్టరు గారు అన్నారు. మందులతో బాగైన వాళ్లలో సుమారు మూడో వంతు మందికి జబ్బు ఎప్పుడో ఒకప్పుడు తిరగబెడుతుంది, నాదీ అప్పుడే మొదలై ఉండొచ్చు. ఉండొచ్చు. కానీ డోసు పెంచగానే కౌంటు లేచింది కదా అని నా మనసు ఒప్పుకోదు.

ఆరో నెలలో నేను కనిపించిన ప్రతి వాళ్లకీ బాగైపోయింది, ట్రాన్స్‌ప్లాంట్ లేకుండానే బయటపడ్డాను అని చెప్పాను. రక్తం ఎక్కించుకోవడం పదిహేడో వారంతో ఆగింది, ఆ సంతోషంలో అన్న మాట. ఇప్పుడు అంత గట్టిగా అనను. నాది పార్షియల్ రెస్పాన్స్, అంటే సగం బాగవడమే. ప్లేట్‌లెట్లు లక్ష దాటింది ఒక్కసారే. ఎక్కించుకున్న రక్తం వల్ల ఫెరిటిన్, అంటే ఒంట్లో పేరుకున్న ఇనుము లెక్క, ఇంకా ఎక్కువే. ఏడాదికోసారి పీఎన్‌హెచ్ (ఎర్ర కణాలు పగిలిపోయే మరో రక్తజబ్బు) పరీక్షలో ఆ లోపమున్న కణాల చిన్న గుంపు, క్లోన్, కనిపిస్తూనే ఉంది, పెరగలేదు కానీ పోలేదు. ఈ దారిలో వెళ్లిన వాళ్లలో పది పదిహేను శాతం మందికి ఏళ్ల తర్వాత ఎండీఎస్ (లుకేమియాగా మారగల మజ్జ జబ్బు) లాంటివి రావొచ్చన్న సంగతి మొదట్లో చెప్పే ఉంటారు, నేను విన్నది మాత్రం మూడో ఏట.

నాతో పాటు అదే వార్డులో ఒక కుర్రాడు ఉండేవాడు, 19 ఏళ్లు, చెల్లెలిది పూర్తి మ్యాచ్. అతనికి ట్రాన్స్‌ప్లాంట్ చేశారు. అప్పట్లో నాకు అసూయగా ఉండేది, తర్వాత చర్మం మీద జీవీహెచ్‌డీ, అంటే దాత కణాలు అతని ఒంటి మీదే దాడి చేయడం, వచ్చి ఏడాదిన్నర అతనూ ఇదే వాసన మాత్రలు మింగాడు. తన లెవెల్ ఎంత, నా లెవెల్ ఎంత అని మెసేజీలు పెట్టుకునేవాళ్లం. కాకపోతే అతను ఇప్పుడు ఏ మందూ లేకుండా ఉన్నాడు, కౌంట్లు మామూలు మనుషుల్లా. నేనింకా మింగుతున్నాను. అతని వయసుండి, మ్యాచ్ అయిన తోబుట్టువు ఉంటే నేనూ అటే పోయేదాన్ని, డాక్టర్లూ మొదట అదే అడుగుతారు. నలభై దాటి, దాత లేక, రోజుకో ఇన్ఫెక్షన్ భయంతో ఉన్న నాకు మాత్రం ఈ దారే సరిపోయింది. మీ కిడ్నీలు, మీ కౌంట్లు, మీ తోబుట్టువులు వేరు, నా మాట పట్టుకుని ఏమీ తేల్చుకోకండి. ఒక్కటి తప్ప: లెవెల్ పరీక్ష రోజున మాత్ర సంచిలో ఉండాలి, కడుపులో కాదు.

ఇప్పుడు రోజుకు మొత్తం 100 మిల్లీగ్రాములు. మూడు నెలలకోసారి 25 తగ్గిస్తున్నారు. పోయినసారి తగ్గించాక ప్లేట్‌లెట్లు 88 నుంచి 79కి వచ్చాయి, అది తేడా కిందికే రాదని డాక్టరు గారన్నారు. సోమవారం మళ్లీ పరీక్ష. ఆ రోజు వేసుకోవాల్సిన రేకు మీద మా ఆయన ఎర్ర స్కెచ్ పెన్నుతో "రక్తం ఇచ్చాకే" అని ఇప్పటికే రాసి పెట్టారు.