బ్రోలియో కోట: వైన్‌కన్నా నూనెకే నా ఓటు

ఫ్లోరెన్స్ దాకా వెళ్ళేవాళ్ళు ఒక రోజు మిగుల్చుకుని సియెనా దగ్గరి గాయోలే వైపు వెళ్ళండి. కియాంటి కొండల్లోని బ్రోలియో కోట 1141లో రికాసోలి వంశం చేతికొచ్చింది. ఫ్లోరెన్స్‌కీ సియెనాకీ పడని రోజుల్లో సరిహద్దు మీద ఉండి చాలా దెబ్బలు తింది. ఇప్పుడు కనిపించే ఎర్ర ఇటుకల భవనం మాత్రం 19వ శతాబ్దంలో బెత్తీనో రికాసోలి కట్టించినది. ఆయన ఏకమైన ఇటలీకి రెండో ప్రధాని. రాజకీయాలతో పాటు ద్రాక్షల మీదా పడ్డాడు. కియాంటి వైన్‌లో సాంజొవేజే అనే ఎర్ర ద్రాక్ష ప్రధానంగా ఉండాలని, కనాయోలో అనే మరో ఎర్ర రకం దాని గరుకుదనం తగ్గిస్తుందని, తెల్ల రకమైన మాల్వాజియా ఎక్కువ కాలం నిలవ ఉంచే వైన్‌కి పనికిరాదని 1872లో ఒక ఉత్తరంలో రాశాడు. ఇవాళ ఈ కొండల వైన్ అయిన కియాంటి క్లాసికోలో తెల్ల ద్రాక్ష కలపనే కూడదు, సాంజొవేజే కనీసం 80 శాతం ఉండాలి. సీసా మీద దాని గుర్తయిన నల్ల కోడిపుంజు బొమ్మ చూసి కొనండి.

కోట తోటల్లోంచి దూరంగా సియెనా కనిపిస్తుంది. నాకైతే టికెట్ డబ్బులు అక్కడే గిట్టుబాటయ్యాయి. మ్యూజియం చిన్నది, తీరిక లేకపోతే వదిలేయొచ్చు.

ఇక రుచి చూడటం. కారు నడిపేది నేనే కాబట్టి వైన్ పుక్కిలించి ఉమ్మేయడమే. ఇటలీలో రక్తంలో ఆల్కహాల్ లీటరుకి 0.5 గ్రాములు దాటితే జరిమానా. అసలు సంగతి, మా అత్తయ్యగారు మందు వాసనే పడని మనిషి. ఆవిడ కోసం ఆలివ్ నూనె అడిగాను. ఉప్పు లేని టస్కనీ రొట్టె మీద పోసిచ్చారు. పచ్చి వాసన, కాస్త చేదు, గొంతులో మిరియాల ఘాటు. "కందిపొడి అన్నంలోకి బావుంటుందే" అన్నారావిడ. ఆ ఘాటు లోపం కాదు, కాయలు పూర్తిగా పండకముందే కోసి వెంటనే ఆడించిన గుర్తు. అక్టోబరు, నవంబరుల్లో వెళితే కొత్త నూనె దొరుకుతుంది. ఇంట్లో తాగనివాళ్ళున్నారని ఈ ఎస్టేట్లు మానుకోనక్కర్లేదు.

బసకి దగ్గర్లో ఒక పాత రాతి ఇల్లు తీసుకున్నాం. వ్యూ అద్భుతం, వేడినీళ్ళు మాత్రం ఇద్దరి స్నానానికే సరి. రాత్రి భోజనానికి కారెక్కాల్సిందే. పెద్దవాళ్ళతో అయితే సియెనాలో ఉండి పొద్దున్నే రావడం నయం. కాకపోతే సియెనా పాత ఊళ్ళోకి బయటి కార్లని రానివ్వరు, కెమెరాకి చిక్కితే జరిమానా ఇంటికొస్తుంది. కాస్త ఖర్చు పెట్టగలిగితే బాదియా ఎ కోల్తిబుయోనో చూడండి. ఒకప్పటి సన్యాసుల మఠం, ఇప్పుడు వైన్, నూనె చేసే ఎస్టేట్. గదులూ భోజనమూ అక్కడే.

బస్సులు తక్కువ, కారు లేకుండా ప్లాన్ వేయకండి. నూనె డబ్బాలో కొనండి, చెకిన్ సూట్‌కేసులో పెట్టండి. క్యాబిన్‌లోకి తీసుకెళ్తే సెక్యూరిటీ దగ్గర వదులుకోవాల్సి రావచ్చు.