ఇరవై నాలుగు గంటల థీమ్ పార్కు: నెల్లూరు, ఒంగోలు నుంచి వెళితే టికెట్టు గిట్టుబాటవుతుందా?

ఇరవై నాలుగు గంటల టికెట్టులో అసలు సరుకు రాత్రి ఒంటిగంట నుంచి తెల్లవారుజాము నాలుగున్నర దాకా ఉండే ఆ మూడున్నర గంటలే. మిగతా సమయమంతా మామూలు సెలవురోజు రద్దీ, దాని మీద ఇంకాస్త. ఇది తెలిసి వెళ్లినవాళ్లకు ఆ టికెట్టు బంగారం. 'కట్టిన డబ్బు మొత్తం రాబట్టాలి' అని పొద్దున ఆరింటికే గేటు ముందు నిలబడేవాళ్లకు మధ్యాహ్నం మూడుకే కాళ్లు పీకుతాయి, పిల్లలు ఏడుపందుకుంటారు. రాత్రి పదికల్లా బెంచీ మీద పడుకుని, దేనికోసం వచ్చారో ఆ గంటలన్నీ నిద్రలో పోగొట్టుకుంటారు.

పార్కును రాత్రంతా తెరిచి ఉంచే ఈ పద్ధతి పాతదే. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్ 1961 నుంచే హైస్కూలు చదువు ముగించిన పిల్లల కోసం రాత్రంతా వేడుకలు నడిపింది. 1987లో స్టార్ టూర్స్ రైడ్ మొదలైనప్పుడు జనవరి 9 ఉదయం పదింటికి తీసిన గేటు 11వ తేదీ రాత్రి పది దాకా వేయలేదు. అంటే వరసగా అరవై గంటలు. తర్వాత 2012 ఫిబ్రవరి 29న, లీపు రోజు అదనంగా వచ్చింది కదా అని, కాలిఫోర్నియాలోనూ ఫ్లోరిడాలోనూ ఉదయం ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా పార్కు తెరిచి ఉంచారు. అది జనానికి నచ్చడంతో 2013 మే 24న, 2014 మే 23న, 2015 మే 22న మళ్లీ చేశారు. ఈ మూడూ శుక్రవారాలే. అక్కడ వేసవి సీజను మొదలయ్యే మెమోరియల్ డే వారాంతానికి ముందు రోజన్నమాట. అందుకు వేరే టికెట్టు పెట్టలేదు, మామూలు రోజు టికెట్టే చెల్లింది. పార్కుకు వచ్చే లాభం ఆ ఒక్కరోజు వసూళ్లలో లేదు. సీజను మొదలైందని ఊరూవాడా తెలియడంలో ఉంది.

జనం ఎందుకు ఎగబడతారో మన జిల్లాల వాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. శివరాత్రి జాగారం తెలిసినవాళ్లం. ప్రకాశం జిల్లా తిరునాళ్లలో కరెంటు ప్రభల ముందు తెల్లవార్లూ కూర్చునే ఊళ్లు మనవి. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువు గట్టు మీద రాత్రి పన్నెండైనా పగల్లాగే ఉంటుంది. వేళ కాని వేళ, అంతమంది మధ్యలో, దీపాల వెలుతురులో మెలకువగా ఉండటమే ఒక ఆనందం. పిల్లలకైతే 'ఇక పడుకో' అనేవాళ్లు లేని రాత్రి అది. డిస్నీ వాళ్లు ఈ కిటుకు బాగా పట్టారు. తెల్లవారుజామున బొమ్మల వేషాలవాళ్లను రాత్రి పడుకునే బట్టల్లోనే బయటికి పంపారు. ఖర్చు తక్కువ, ఫోటోల కోసం గుంపులు గుంపులుగా జనం.

ఇంకో కారణం మన దగ్గర మరీ బలంగా ఉంది. ఎండ. రోహిణి కార్తెలో మన వైపు పగలు పదకొండు దాటాక రేకుల షెడ్డు కింద గంటసేపు క్యూలో నిలబడటం శిక్ష. రైడ్ సీటు మీదున్న ఇనుప కడ్డీని పట్టుకుంటే చేయి చురుక్కుమంటుంది. పిల్లలు చెప్పులు విడిచి సిమెంటు మీద అడుగు పెట్టలేరు. కాలిఫోర్నియా వాళ్లకు రాత్రి పార్కు సరదా కావచ్చు, మనకు అవసరం. వేసవి సెలవుల్లో మన పార్కులు సాయంత్రం ఐదుకు తీసి రాత్రి రెండుకు కట్టేసినా చాలు, పగటి టికెట్టు కంటే అదే ఎక్కువ అమ్ముడవుతుందని మా గట్టి నమ్మకం.

క్యూ లెక్క చెప్తాం, ఇది పగటిపూట కూడా పనికొస్తుంది. రోలర్ కోస్టర్ దగ్గర రెండు నిమిషాలు నిలబడి, ఒక బండి కదిలాక ఇంకోటి ఎంతసేపటికి కదులుతోందో ఫోనులో చూడండి. బండికి 24 సీట్లుండి, రెండు నిమిషాలకొకటి బయల్దేరితే గంటకు 30 బండ్లు, 720 మంది. ఇప్పుడు కమ్మీల మధ్య ఒక వరసలో ఎంతమంది ఉన్నారో లెక్కబెట్టి, వరసల సంఖ్యతో గుణించండి. 40 మంది చొప్పున 9 వరసలుంటే 360 మంది, అరగంటలో ఎక్కుతారు. మోసం ఎక్కడంటే, రాత్రి పదకొండు దాటాక కొన్ని పార్కులు రెండు బండ్లలో ఒకదాన్ని పక్కన పెట్టేస్తాయి. అప్పుడు నాలుగు నిమిషాలకొకటి కదులుతుంది. అదే క్యూకి గంట పడుతుంది. అందుకే రాత్రి పది నుంచి పన్నెండున్నర దాకా పెద్ద రైడ్ల జోలికి పోవద్దు, ఆ వేళకు జనం తగ్గరు, బండ్లు తగ్గుతాయి. తిండికీ కూర్చునే షోలకూ ఆ సమయం వాడుకోవాలి. ఒంటిగంట దాటాక పిల్లలున్న ఇళ్లవాళ్లు బయల్దేరిపోతారు. మూడింటికి అదే రైడ్ దగ్గర అరవై మంది కూడా ఉండకపోవచ్చు. ఒక్క బండే నడిచినా పది నిమిషాలు.

రాత్రి రైడ్లు ఎందుకు ఆగిపోతుంటాయో తెలిస్తే విసుగు తగ్గుతుంది. మామూలు రోజుల్లో గేటు మూశాక మెకానిక్కులు పట్టాల వెంట నడిచి బోల్టులు, చక్రాల మీది రబ్బరులాంటి పాలీయూరిథేన్ తొడుగులు, బ్రేకులు, గొలుసు, సీటు కడ్డీల తాళాలు చూస్తారు. పొద్దున జనం ఎక్కకముందు ఖాళీ బండ్లు తిప్పి చూస్తారు. ఇరవై నాలుగు గంటలు తెరిచి ఉంచితే ఆ పని చేసే వేళే ఉండదు. కాబట్టి మంచి పార్కు ఒక్కో రైడ్‌ను వంతులవారీగా రెండు మూడు గంటలు ఆపి పరీక్ష చేస్తుంది, ఏది ఎప్పుడు ఆగుతుందో ముందే బోర్డు మీద రాస్తుంది. ఆ బోర్డును గేటు దగ్గరే ఫోటో తీసుకోండి. 'అన్ని రైడ్లూ 24 గంటలూ ఆగకుండా' అని గొప్పగా ప్రకటించే చోటును మాత్రం అనుమానించాల్సిందే. ఆగని యంత్రాన్ని చూసేవాళ్లెవరు?

ఇంకొకటి, దగ్గర్నుంచి చూడాల్సింది. కడ్డీ దించాక ఆపరేటరు వరసగా నడుస్తూ ప్రతి కడ్డీనీ చేత్తో పైకి ఒకసారి లాగాలి, బెల్టును ఒకసారి గుంజాలి. తర్వాత అవతలి వైపున్న మనిషికి బొటనవేలు చూపాలి. అక్కణ్నుంచి కూడా బొటనవేలు లేచాకే బండి కదలాలి. తెల్లవారుజామున మూడింటికి ఆ పిల్లాడు ఎన్ని గంటలుగా నిలబడి ఉన్నాడో మనకు తెలియదు. కంటితో చూసి దాటిపోతుంటే నోరు తెరిచి 'బాబూ, ఇది ఒకసారి లాగి చూడు' అని అడగండి. మొహమాటపడొద్దు. అడిగినందుకు విసుక్కుంటే దిగిపోండి.

నీళ్ల రైడ్ల విషయంలో ఆశ పెట్టుకోవద్దు. ఇరవై నాలుగు గంటల టికెట్టయినా వేవ్ పూల్, జారుడు బల్లలు చాలాచోట్ల పొద్దు గూకేసరికి ఆపేస్తారు, అది సరైన పని కూడా. అడుగు కనపడని నీళ్లలో మునిగినవాణ్ని లైఫ్‌గార్డు చూడలేడు. పైగా ఫిల్టర్లు వెనక్కి తిప్పి కడగడం, క్లోరిన్ సరిచేయడం జనం నీళ్లలో లేనప్పుడు చేయాల్సిన పనులు. నీళ్లే ముఖ్యమనుకుంటే ఆ పని మధ్యాహ్నమే ముగించుకోండి. నైలాన్ బట్టలు ఇంటి నుంచే తీసుకెళ్లండి. నూలు బట్టలతో దిగనివ్వరు, పోగులు ఫిల్టర్లకు అడ్డం పడతాయి. లోపల కొంటే రేటు ఎక్కువ.

ఇక మన చుట్టుపక్కల 'రాత్రంతా' అని అమ్మేవాటి సంగతి. నిజంగా ఇరవై నాలుగు గంటలు తెరిచే పార్కు మనకు అందుబాటులో ఉండటం అరుదు. ఆ మాట ఎక్కువగా డిసెంబరు 31 రాత్రికీ దసరా సెలవులకూ వాడతారు. టికెట్టు కొనేముందు రెండు మాటలు అడగండి: రైడ్లు ఎన్నింటిదాకా? స్టేజీ ప్రోగ్రాం ఎన్నింటిదాకా? రెండూ వేర్వేరు. రైడ్లు ఎనిమిదికి ఆపి, తర్వాత డీజే, బఫే పెట్టి మొత్తాన్ని 'డే అండ్ నైట్' అనే పేరుతో అమ్మేవాళ్లున్నారు. పైగా 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. పండగలు, సాంస్కృతిక కార్యక్రమాల కోసం ప్రభుత్వం సడలించగలిగేది అర్ధరాత్రి పన్నెండు దాకానే, అదీ ఏడాదికి పదిహేను రోజులు మించకుండా. కాబట్టి బయలులో 'తెల్లవార్లూ డీజే' అని పోస్టరు కనిపిస్తే ఆ మాటకు విలువ కట్టి డబ్బు పెట్టొద్దు. టికెట్టు రేటులో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందా, మీద వేస్తారా అనేది కూడా చూడండి. నలుగురికి కలిపితే తేడా పెద్దదే.

దసరా నుంచి సంక్రాంతి దాకా మన తీరంలో ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు. మెరుపు మెరిస్తే ఎత్తైన రైడ్లన్నీ ఆపేస్తారు, ఆపాలి కూడా. వానకు డబ్బు వాపసు ఉందా, ఇంకో రోజుకు మార్చుకోనిస్తారా అన్నది రాతపూర్వకంగా ఉంటేనే అక్టోబరు, నవంబరు తేదీలకు ముందుగా బుక్ చేయండి.

ఊళ్లలో వేసే ఎగ్జిబిషన్లనూ వదిలేయలేం. రాత్రి సరదా చాలామందికి అక్కడే మొదలవుతుంది. జెయింట్ వీల్, కొలంబస్ ఎక్కేముందు కింద చూడండి. రైడ్ కాళ్ల కింద పెట్టిన చెక్క దిమ్మెలు సమంగా ఉన్నాయా, వాన పడి నేల కుంగి ఒక పక్కకు ఒరిగాయా? తొట్టెను పట్టి ఉంచే ప్రతి పిన్నుకూ చివర క్లిప్పు ఉండాలి. క్లిప్పు బదులు బైండింగ్ వైరు చుట్టి ఉంటే ఎక్కొద్దు. టికెట్టు యాభై రూపాయలే కదా అని ఊరుకోవద్దు.

ప్రయాణం గురించి. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట టోల్ గేట్లు దాటి వెళ్లాలి, ఫాస్టాగ్‌లో డబ్బు చూసుకోండి. 2025 డిసెంబరులో తిరుప్పోరూరు వైపు తెరిచిన వండర్లా లాంటి, చెన్నైకి దక్షిణాన ఉన్న పార్కులకైతే ఊళ్లోకి దిగొద్దు. నల్లూరు దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి వండలూరులో దిగి, కేళంబాక్కం మీదుగా పోతే సిటీ ట్రాఫిక్ తప్పుతుంది. ఒంగోలు వాళ్లకు చెన్నై ఎంత దూరమో హైదరాబాదూ దాదాపు అంతే దూరం. అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీదుగా వెళ్లి అవుటర్ పట్టుకుంటే రావిర్యాల వైపు పార్కులకు సులువు. సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు వాళ్లకు మాత్రం కారు కంటే రైలే మేలు. సూళ్లూరుపేట నుంచి చెన్నైకి లోకల్ రైళ్లున్నాయి.

మా సలహా అయితే ఇట్టా: వెళ్లే రోజు మధ్యాహ్నం అన్నం తిని మూడు గంటలు నిద్రపోవాలి, పిల్లలతో సహా. సాయంత్రం ఆరు దాటాక లోపలికి అడుగుపెట్టాలి. బాగా రద్దీ అవుతుందనుకున్న రోజయితే నాలుగింటికే వెళ్లాలి, ఎందుకంటే డిస్నీ రాత్రుల్లోనే లోపల నిండిపోయి గేటు మూసేసిన సందర్భాలున్నాయి. ఒకసారి బయటికొస్తే మళ్లీ రానిస్తారో లేదో చేతి బ్యాండు వేసేటప్పుడే అడగండి. రానిచ్చేట్టయితే పులిహోర, పెరుగన్నం బండిలో పెట్టుకోండి. తొమ్మిదింటికి బయటికొచ్చి తిని, పిల్లల బట్టలు మార్చి, మళ్లీ పోవచ్చు. పిల్లల చేతి బ్యాండు మీద మీ ఫోను నెంబరు బాల్‌పెన్నుతో రాయండి, స్కెచ్ పెన్ను చెమటకు చెరిగిపోతుంది. పెద్ద రైడ్లకు ఎక్కువ చోట్ల 140 సెంటీమీటర్ల ఎత్తు అడుగుతారు. ఇంటి దగ్గరే గోడకు నిలబెట్టి కొలవండి. అంతదూరం పోయి గీత దగ్గర వెనక్కి పంపితే ఆ బిడ్డను ఓదార్చడం ఎవరి తరమూ కాదు.

మార్కులు వేయమంటే, పదేళ్లు దాటిన పిల్లలున్నవాళ్లకూ కాలేజీ వయసువాళ్లకూ వేసవిలో పదికి ఎనిమిది. ఐదేళ్లలోపు బిడ్డలతో అయితే నాలుగు. వాళ్లు ఎక్కగలిగే చిన్న రైడ్లే రాత్రి అన్నిటికంటే ముందు ఆపేస్తారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మూడు, అదీ కూర్చునే చోటు ఉంటేనే.

తిరుగు ప్రయాణానికి మాత్రం లోపల మెలకువగా ఉన్న మనిషి చేతికి స్టీరింగు ఇవ్వొద్దు. తెల్లవారుజాము మూడు నుంచి ఆరు దాకా నిద్ర ముంచుకొచ్చే వేళ, హైవే పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీలుండే వేళ. డ్రైవరును మాట్లాడుకుంటే అతను రాత్రి పార్కింగులో కాదు, మంచం మీద పడుకునేలా దగ్గర్లో ఒక రూము తీసివ్వండి. ఆ ఖర్చు టికెట్టులో భాగమే అనుకోండి. డ్రైవరు లేకపోతే ఆరింటికి బయటికొచ్చి మీరే అదే రూములో పదింటి దాకా పడుకుని బయల్దేరండి. మధ్యాహ్నం భోజనానికి నాయుడుపేట చేరతారు.