డబ్బా వ్యాక్స్, సీసా వ్యాక్స్: ఒకే బానెట్ మీద రెండూ పూసి చూశాను

కారుకి మెరుపు ఒక్కటే కావాలంటే ఏ వ్యాక్స్ (పెయింట్ మీద పూసే మైనం) కొన్నా పెద్ద తేడా ఉండదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే డబ్బాల మీద రాసిన మాటలు చదువుతూ కూర్చుంటే కొనేలోపే బుర్ర వేడెక్కిపోతుంది. లోతైన మెరుపు, తడి నిగారింపు, షోరూమ్ ఫినిష్... అన్నిటి మీదా ఇవే మాటలు. అసలు తేడాలు వేరే చోట ఉన్నాయి. పూత ఎంతకాలం నిలుస్తుంది, తుడిచేటప్పుడు ఎంత సతాయిస్తుంది, ప్లాస్టిక్ మీద పడితే ఏం చేస్తుంది అన్నవి చూసుకుని కొనుక్కోవాలి.

నా కారు నల్లది. నల్ల కారు ఉన్నవాళ్లకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. కడిగిన కాసేపే అది నల్లగా ఉంటుంది, ఆ తర్వాత దుమ్ము, నీటి మరకలు, ఎండ పడితే గుండ్రంగా కనిపించే సన్నగీతలు. వ్యాక్స్ పరీక్షకి మాత్రం ఇంతకంటే మంచి రంగు లేదు. తెల్ల కారు మీద ఏం పూసినా చేత్తో తడిమితేనే తెలుస్తుంది, కంటికి అంతగా ఆనదు.

బానెట్ మధ్యలో పైనుంచి కిందదాకా మాస్కింగ్ టేప్ అంటించాను. ఎడమవైపు కార్నౌబా పేస్ట్, అంటే డబ్బాలో గట్టిగా ఉండే రకం. కుడివైపు కొలినైట్ 845 అనే లిక్విడ్. పేస్ట్ కంపెనీ పేరు రాయడం లేదు. దాని గురించి నేను చెప్పబోయే ఫిర్యాదులు ఆ రకం డబ్బాల్లో చాలావాటికి వర్తిస్తాయి, ఒక్కదాన్ని పట్టుకుని దులపడం న్యాయం కాదు.

కార్నౌబా గురించి ఒక ముక్క. ఇది ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల మీద ఏర్పడే మైనం. ఆకులు కోసి ఎండబెట్టి దులిపితే పొడిగా రాలుతుంది, దాన్ని కరిగించి శుద్ధి చేస్తారు. ప్రకృతిలో దొరికే మైనాల్లో చాలా గట్టిది, 80 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ కరగదు. మందుబిళ్లల పైపూతలో, బూట్ పాలిష్‌లో ఉండేది కూడా ఇదే. విడిగా చేతికిస్తే పెంకుముక్కలా ఉంటుంది, కారు మీద రుద్దితే అంటుకోదు సరికదా గీతలు పడతాయి. అందుకే సాల్వెంట్లు (మైనాన్ని కరిగించే ద్రవాలు), నూనెలు, వేరే మైనాలు కలిపి మెత్తబరుస్తారు. కాబట్టి డబ్బా మీద '100 శాతం కార్నౌబా' అని కనిపిస్తే, లోపలున్నదంతా కార్నౌబా అని అనుకోకండి. అందులో కలిపిన కార్నౌబా కల్తీ లేనిది అని మాత్రమే దానర్థం. ఎంత కలిపారన్నది చాలామంది రాయరు.

కొలినైట్ 845లోనూ కార్నౌబా ఉంది, దానికి తోడు పాలిమర్లు (పూతని ఎక్కువకాలం నిలబెట్టే కృత్రిమ పదార్థాలు) కలిపారు. దీన్ని 'ఇన్సులేటర్ వ్యాక్స్' అని అమ్ముతారు. కరెంటు లైన్ల ఇన్సులేటర్ల మీద మురికి, తేమ పట్టకుండా వాడే సరుకుగా దానికి ఆ పేరొచ్చింది. కార్ల మీద మోజున్నవాళ్లు దాన్ని ఎప్పుడో సొంతం చేసేసుకున్నారు.

ఇక అసలు పని. వ్యాక్స్ మూత తీసేముందే సగం పైగా అయిపోవాలి. మెరుపంటే వెలుతురు చెదరకుండా తిరిగి రావడం. కింద పెయింట్ గరుగ్గా ఉంటే పైన ఏది పూసినా ఆ గరుకుకే మెరుగు పెట్టినట్టవుతుంది. ముందు కారుని షాంపూతో కడగాలి, రెండు బకెట్లతో. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో మామూలు నీళ్లు. కారు రుద్దిన గుడ్డని ముందు మామూలు నీళ్లలో జాడించి, తర్వాతే షాంపూలో ముంచాలి. లేకపోతే డోర్ కింద ఉన్న ఇసుకని తెచ్చి బానెట్ మీద మనమే రుద్దుతాం. గిన్నెలు తోమే లిక్విడ్ వాడితే పాత వ్యాక్స్ చాలావరకు ఊడిపోతుంది. కొత్త పూతకి ముందు అది కొంత పనికొస్తుంది గానీ, ప్రతి వారం దానితోనే కడిగితే పూసిన వ్యాక్స్ అంతా కాలవ పాలే.

కడిగి ఆరబెట్టాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని బానెట్ మీద వేళ్లతో మెల్లగా జరపండి. ఉత్త చేతికి నున్నగా తగిలిన చోటే, కవర్ ఉంటే గరగరమని తగులుతుంది. బ్రేకుల నుంచి రాలిన ఇనుప రజను, చెట్ల జిగురు, తారు చుక్కలు, కడిగినా పోని మురికి అంతా అక్కడుంటుంది. దీనికి మందు క్లే బార్. మెత్తటి మట్టిముద్దలా ఉంటుంది, దానికో లూబ్రికెంట్ స్ప్రే ఇస్తారు. బానెట్ బాగా తడిసేలా స్ప్రే చేసి, ఒత్తకుండా క్లేని అటూ ఇటూ జరపాలి. మొదట పట్టి పట్టి లాగినట్టుంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా జారిపోతుంది. ఆ జారుడు తగిలినప్పుడు కలిగే తృప్తి వ్యాక్స్ పూసినా రాదు, నా మటుకు. క్లే ముద్ద అడుగున గోధుమరంగు పొర కనిపిస్తుంది. దాన్ని మడిచి శుభ్రమైన వైపు తిప్పుకుని పక్క భాగానికి వెళ్లాలి. ముద్ద నేలమీద పడిందా, ఇక పారేయడమే. దానికంటుకున్న ఒక్క ఇసుకరేణువు చాలు బానెట్ అంతా గీకడానికి.

పాలిష్ వేరు, వ్యాక్స్ వేరు. అమ్మేవాళ్లు కూడా రెండిటినీ కలిపేసి మాట్లాడతారు. పాలిష్‌లో రాపిడి పదార్థం ఉంటుంది, అది పెయింట్ పైనున్న క్లియర్ కోట్‌ని కాస్త అరగదీసి సన్నగీతల్ని సమం చేస్తుంది. క్లియర్ కోట్ మందమే సుమారు 40-50 మైక్రాన్లు, వెంట్రుక కంటే సన్నం. కనుక సరదా పుట్టినప్పుడల్లా పాలిష్ పట్టకూడదు. వ్యాక్స్ దేన్నీ అరగదీయదు, పైన ఒక పొరగా కూర్చుంటుంది. కొన్నిటిలో ఉండే నూనెలు సన్నగీతల్లో నిండి వాటిని కాసేపు దాచిపెడతాయి, నాలుగుసార్లు కడిగితే అవే గీతలు మళ్లీ దర్శనమిస్తాయి. 'క్లీనర్ వ్యాక్స్' అని రాసుంటే అందులో రెండూ కలిసున్నాయని అర్థం. వెలిసిపోయిన పాత పెయింట్‌కి అది మంచి బేరమే. కొత్త కారుకి అక్కర్లేదు.

బానెట్‌ని నేను పాలిష్ చేసి, నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో (జిడ్డు తీసే స్పిరిట్) తుడిచాకే పరీక్ష మొదలుపెట్టాను. పాలిష్ నూనెలు మిగిలిపోతే రెండు వ్యాక్సులూ బాగున్నట్టే అనిపిస్తాయి.

పేస్ట్ వంతు. తడిపి పిండిన ఫోమ్ ప్యాడ్‌ని డబ్బాలో ఒక్కసారి తిప్పితే చాలు. మనసు మాత్రం ఇంకాస్త తీసుకోమంటుంది. తీసుకోవద్దు. వ్యాక్స్ ఎక్కువ పూస్తే ఎక్కువ మెరవదు. పెయింట్‌కి పట్టేది పట్టుకుంటుంది, మిగతాదంతా తర్వాత మన భుజాలు నొప్పెట్టేలా తుడవాలి, అంతే. పూసినట్టు కంటికి లీలగా మసక కనిపిస్తే సరిపోయినట్టు. ఈ పేస్ట్‌తో నాకొచ్చిన పేచీ అక్కడే. ప్యాడ్ మీదికి సమంగా రాదు. ఒక చోట ముద్దగా, ఇంకో చోట పొడిగా అంటుకుంటుంది. ముద్దగా పడ్డచోట తుడిచేటప్పుడు గుడ్డ ఆగి ఆగి కదిలింది. పూసేటప్పుడు ఆ వాసన, ఆ మెత్తదనం మాత్రం హాయిగా ఉంటాయి. ఆదివారం పొద్దున తీరిగ్గా చేసుకునే పని ఇది.

కొలినైట్‌ని ముందు బాగా ఊపాలి. చల్లగా ఉన్నప్పుడు చిక్కబడుతుంది, సీసాని కాసేపు గోరువెచ్చటి నీళ్లలో ఉంచితే దారికొస్తుంది. ప్యాడ్ మీద రెండు మూడు బొట్లు వేసుకుంటే సగం బానెట్ అయిపోయింది. ఇంత తక్కువ ఖర్చయ్యే సరుకు నేను వేరే చూడలేదు. సాల్వెంట్ వాసన ఘాటుగా ఉంటుంది, తలుపులు మూసిన గ్యారేజీలో వద్దు.

రెండిటికీ ఒకటే రూలు: ఎండలో వద్దు, బానెట్ వేడిగా ఉన్నప్పుడు అసలే వద్దు. చెయ్యి ఆనిస్తే చల్లగా తగలాలి. వేడి పెయింట్ మీద సాల్వెంట్ వెంటనే ఎగిరిపోయి వ్యాక్స్ పట్టేస్తుంది, ఇక తుడిస్తే చారలే. ఎప్పుడు తుడవాలో గడియారం చెప్పదు, వేలు చెబుతుంది. ఒక మూల వేలితో గీస్తే అడుగున శుభ్రంగా పెయింట్ కనిపించాలి. మసకమసకగా అలుక్కుపోయిందంటే ఇంకా ఆరలేదు. ఇది సీసా మీద రాసిన నిమిషాల కంటే నమ్మకమైన పరీక్ష, ఎందుకంటే గాలిలో తేమని బట్టి ఆ నిమిషాలు మారిపోతుంటాయి. ఒక డోర్, తర్వాత ఇంకో డోర్, అలా ముక్కముక్కగా చేసుకుంటే టెన్షన్ ఉండదు.

తుడవడానికి మైక్రోఫైబర్ గుడ్డలు కనీసం రెండుండాలి. ఒకటి వ్యాక్స్ ఎత్తడానికి, రెండోది చివరి మెరుగుకి. పాత బనియన్లు వద్దు. గుడ్డ అంచున గట్టిగా కుట్టిన ట్యాగ్ ఉంటే కత్తిరించేయండి. వీటిని ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేస్తే పోగులకి పూత పట్టి గుడ్డ పీల్చడం మానేస్తుంది.

నల్ల ప్లాస్టిక్ బీడింగ్, వైపర్ కింద ప్యానెల్, గరుకు బంపర్ భాగాలు... వీటి మీద వ్యాక్స్ పడితే ఆరాక తెల్లగా కూర్చుంటుంది. ఏ బ్రాండైనా అంతే. వాటికి ముందే టేప్ వేసుకోవడం మేలు. అప్పటికే పడితే మామూలు పెన్సిల్ రబ్బరుతో ఓపిగ్గా రుద్దండి, చాలావరకు పోతుంది. మెరుపు లేకుండా ఉండే మ్యాట్ పెయింట్ కార్లకి మాత్రం ఈ వ్యాక్సులేవీ ముట్టించకండి, అక్కడక్కడా మెరుపు మచ్చలు పడి అసలు అందం పోతుంది. కొత్తగా పెయింట్ వేయించిన ప్యానెల్ ఉంటే పెయింటర్ చెప్పినన్నాళ్లు ఆగాలి, సాధారణంగా కనీసం ఒక నెల. లోపలి సాల్వెంట్లు బయటికి పోవడానికి దారివ్వాలి. కంపెనీ నుంచి వచ్చిన కొత్త కారుకి ఆ బెంగ లేదు, ఆ పెయింట్‌ని ఫ్యాక్టరీలోనే ఓవెన్లో కాలుస్తారు.

టేప్ తీసి చూస్తే? రెండు సగాలూ ఒకేలా ఉన్నాయి. పక్కకొచ్చి, వంగి, టార్చి వేసి చూసినా అంతే. పేస్ట్ వైపు ఒక పిసరు ముదురుగా ఉందేమో అని నాకు అనిపించింది. మా తమ్ముణ్ణి పిలిచి ఏ వైపు దేంతో చేశానో చెప్పకుండా అడిగాను.

"రెండూ ఒకటే కదన్నయ్యా. ఇంత కష్టపడే బదులు సెరామిక్ కొట్టించేస్తే పోయేది" అన్నాడు.

వాడన్నదాంట్లో కొంత నిజముంది. సెరామిక్ కోటింగ్, అంటే పెయింట్‌కి అతుక్కుని గట్టి పొరగా మారే పూత, ఏళ్ల తరబడి నిలుస్తుంది. కానీ కోటింగ్ కింద ఏ గీతలున్నాయో అవే లోపల ఉండిపోతాయి, కాబట్టి ముందు పాలిష్ పక్కాగా జరగాలి, ఆ పని చేతకానివాళ్ల చేతిలో పడితే సరిదిద్దడం పెద్ద తలనొప్పి. వ్యాక్స్ కుదరకపోతే తుడిచేసి మళ్లీ పూసుకోవచ్చు. ఇప్పుడు సిలికా కలిపిన స్ప్రే వ్యాక్సులు వస్తున్నాయి, కడిగాక తడిమీదే కొట్టి తుడిచేయడమే. తీరిక లేనివాళ్లకి అవి చాలు. నేనైతే వాటిని అసలు పూతకి, అసలు పూతకి మధ్య పైపైన వాడుకుంటున్నాను.

వర్షాలు మొదలయ్యాక తేడా బయటపడింది. తొలి వానకి రెండువైపులా నీళ్లు గుండ్రటి బొట్లుగా నిలిచాయి. కొన్ని వారాలు గడిచేసరికి ఎడమవైపు బొట్లు చదునైపోయి, ఆకారం లేకుండా పరుచుకోవడం మొదలెట్టాయి. కుడివైపు మాత్రం బొట్లు నిటారుగానే ఉన్నాయి, కారు కదిలితే జారిపోయాయి. కార్నౌబా పేస్టులు మామూలుగా నెలా రెండు నెలలకి మించి నిలవవు, పాలిమర్లున్నవి అంతకంటే చాలా ఎక్కువ కాలం ఉంటాయి. రోజూ ఎండావానల్లో నిలబడే కారుకి ఈ లెక్కే ముఖ్యం. పక్షి రెట్ట పడితే మాత్రం ఏ వ్యాక్సూ పూర్తిగా కాపాడదు, తుడవడానికి కొంచెం గడువిస్తుంది. ఎండలో కారు వేడెక్కితే ఆ మరక క్లియర్ కోట్‌లోకి దిగిపోతుంది. కనిపించిన వెంటనే నీళ్లతో నానబెట్టి తీయండి, గోకొద్దు.

మళ్లీ కొనేది కొలినైటే. ఒక సీసా ఏళ్లకేళ్లు వచ్చేలా ఉంది. మొదటిసారి వ్యాక్స్ చేయబోయేవాళ్లకి కూడా అదే చెబుతాను, ఒకే షరతు మీద: వ్యాక్స్‌తో పాటు క్లే బార్ కూడా కొనాలి. రెండిటికీ డబ్బు చాలకపోతే క్లే కొనుక్కుని, ఏదో ఒక మామూలు వ్యాక్స్‌తో సరిపెట్టుకోండి. పేస్ట్ డబ్బాని నేనేమీ పారేయలేదు. కారు ఎక్కువగా నీడలోనే ఉండి, పూసుకోవడంలోనే సరదా ఉందనుకునేవాళ్లకి అది బాగానే ఉంటుంది. మూత సరిగ్గా బిగించి పెట్టుకోవాలి, లేకపోతే సాల్వెంట్ ఆవిరై అంచుల్నుంచి లోపలికి గట్టిపడుతూ వస్తుంది.