పిచ్చాటూరు డ్యామ్ కింద టెంట్లో ఒక రాత్రి: చోటుకి ఐదు స్టార్లు, నడిపేవాళ్ళకి రెండు

తిరుపతిలో కాపరం ఉండేవాళ్ళకి ఈ బాధ తెలుసు, శనివారం వచ్చిందంటే ఊరు మనది కాదు, లీలామహల్ సర్కిల్ దాటాలంటేనే ప్రాణం పోతుంది, ఇంట్లో పిల్లోళ్ళేమో యాడికైనా పోదాం నాయనా అని పీక్కుతింటారు. తలకోన మూడుసార్లు అయింది, కైలాసకోన అయింది, తడ ఫాల్స్‌కి మా ఇంటామె రానంటే రానంది. ఇట్ల ఉండగా మా బామ్మర్ది ఫోటోలు పంపించినాడు. వాడు అమెరికాలో నార్త్ డకోటాలో ఉండాడు, ఆడ మిస్సోరీ నది మీద గారిసన్ డ్యామ్ అని ఉంది, 1953 నాటిది, మట్టికట్టే మూడు కిలోమీటర్ల పైన ఉంటుంది, ఆ కట్ట కిందే ఏటి పక్కన క్యాంపింగ్ గ్రౌండు. చుట్టూ గడ్డి మైదానం, ఒక్కో టెంటుకి ఒక నంబరు, ఒక బల్ల, మంట వేసుకునేదానికి ఇనప రింగు, రాత్రి పది దాటితే ఎవురూ సౌండు చెయ్యకూడదు. నడిపేది ఎవురంటే ఆ దేశం ఆర్మీ ఇంజినీర్లే. మా చిన్నోడు ఆ ఫోటోలు చూసి మనకు లేవా నాయనా డ్యాములు అన్నాడు. ఉన్నాయి రా, ఎందుకు లేవు.

అట్ల వెతికితే పిచ్చాటూరు ఆరణియార్ డ్యామ్ కింద ఒక మామిడితోట ఆయన టెంట్లు వేసి ఇస్తాండాడని మా ఆఫీసులో ఒకాయన చెప్పినాడు. తోట పేరు ఈడ రాయను, ఎందుకంటే తిట్టేది కూడా ఉంది, ఆ పక్కకి పోయి డ్యామ్ కింద టెంట్లు ఎవురివి అని అడిగితే ఎవురైనా చూపిస్తారు.

కనుమ అయిన తర్వాతి వారం పోయినాం, మేము నలుగురు, మా వదినా వాళ్ళు ముగ్గురు. రేణిగుంట, పుత్తూరు, ఆడ మెయిన్ రోడ్డు వదిలి ఎడమకి తిరిగితే నారాయణవనం, తర్వాత పిచ్చాటూరు. నారాయణవనంలో ఆగకుండా పోతే మా వదిన ఊరుకోదు, పద్మావతమ్మకి స్వామికి పెళ్ళైన ఊరు కదా, గుడి ఖాళీగా ఉంది, పది నిమిషాల్లో దర్శనం, తిరుపతోళ్ళకి ఇదే ఒక వింత. మళ్ళీ పొద్దున తిరుగు ప్రయాణంలో టైముంటే ఇంకొంచెం ముందుకి పోయి నాగలాపురం వేదనారాయణస్వామి, సురుటుపల్లిలో పడుకోని ఉండే శివుడు, రెండూ చూసుకోవచ్చు అనుకున్నాం, ఎందుకు చూడలేకపోయినామో చివర్లో చెప్తా.

చోటు సంగతి చెప్పాలంటే, అబ్బా. డ్యామ్ కట్ట పైన నిలబడితే ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క కింద పచ్చటి బీడు, దాంట్లో సన్నగా ఏరు. ఈశాన్య రుతుపవనాల వానలకి నవంబరు, డిసెంబరులో నిండుతుంది కదా, సంక్రాంతికి గేట్లు మూసేసి ఉంటారు, కాలవకి మాత్రం నీళ్ళు వదులుతారు, ఏట్లో అక్కడక్కడ మడుగులు, మధ్యలో మోకాటి లోతు కూడా లేని పారుడు. ఏటిగట్టున గరిక చాప పరిచినట్ట ఉంది, గొర్లు మేసి మేసి సమంగా కత్తిరించినట్ట ఉంది, మన పక్క ఇంత పచ్చదనం జనవరిలో తప్ప ఇంకెప్పుడూ కనిపించదు, మార్చి వస్తే ఇదంతా ఎర్రటి దుమ్మే. సాయంత్రం కొంగలు వరసగా కట్ట దాటి పోతాంటే మా పిల్లోళ్ళు సెల్ ఫోన్లు పక్కన పెట్టేసినారు, దానికే నేను ఒక స్టారు ఎక్స్‌ట్రా ఇస్తా.

ఇంక గొడవ యాడ మొదలైందంటే టెంటు వేసే చోటు దగ్గర. తోట ఆయన మనిషి, కుర్రోడు, మా టెంట్లు తీసుకపోయి ఏట్లో ఇసకలో వేసినాడు. రివర్ వ్యూ అంట, దానికి టెంటుకి మూడు వందలు ఎక్కువంట. మామూలుగా టెంటుకి 1,500, భోజనం మనిషికి 350 వేరే, ఇది దాని పైన. నేను ఒద్దు, పైన గట్టు మీద గరికలో వెయ్యి అంటే, సార్ వాన లేదు కదా సార్, ఆకాశం చూడండి అంటాడు. వాన ఈడ పడేది ఎవురడిగినారు స్వామీ? ఈ డ్యాముకి నీళ్ళు వచ్చేది పైన నారాయణవనం, కార్వేటినగరం పక్క కొండల్లోంచి, ఆడ రాత్రి కుమ్మేస్తే ఈడ నక్షత్రాలు కనిపిస్తాంటాయి, కానీ నిండిన డ్యాముకి గేట్లు ఎత్తక తప్పదు. పేపర్లో ప్రతి ఏడూ చూస్తాం కదా, తుఫాన్ వస్తే చాలు పిచ్చాటూరు నుంచి ఇన్ని క్యూసెక్కులు వదిలినారు, ఊత్తుకోట్ట పక్క తమిళనాడు ఊర్లకి హెచ్చరిక అని. ఆ డ్యామ్ పట్టేదే 1.85 టీఎంసీ, చిన్న డ్యామే, చిన్న డ్యామ్‌తో ఇబ్బందే అది, నిండేటప్పుడు జల్దీ నిండిపోతుంది. నిండు మట్టం 281 అడుగులు అని రాస్తారే, అది చూసి మా చిన్నోడు అంత లోతా అని నోరు తెరిచినాడు, అది సముద్రం నుంచి లెక్క రా, లోతు కాదు అని చెప్పాల్సి వచ్చింది.

నిజమే, జనవరిలో గేట్లు ఎత్తే పరిస్థితి రావడం తక్కువ. కుర్రోడు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. కానీ 2021 నవంబరు చూసిన తిరుపతోడు ఎవుడైనా డ్యామ్ కింద ఇసకలో నిమ్మళంగా పడుకుంటాడా? స్వర్ణముఖి పొంగి ఊర్లోకి వచ్చింది, రాయలచెరువు కట్ట తెగుతుందని ఊర్లకి ఊర్లు ఖాళీ చేయించినారు, మా చిన్నమ్మ వాళ్ళు మూడు రోజులు మా ఇంట్లోనే ఉన్నారు, ఆ వారంలోనే 19వ తేదీన కడప జిల్లాలో చెయ్యేటి మీద అన్నమయ్య డ్యామ్ కొట్టుకపోయి కింద ఊర్లు ఏమైనాయో అందరికీ తెలుసు. ఇదంతా ఆ కుర్రోడికి చెప్తే, వాడు తలకాయ గీరుకుంటా అప్పుడు నేను ఇంటర్ సార్ అన్నాడు.

ఆఖరికి కాపలా తాత వచ్చి తేల్చినాడు. ఏం మాట్లాడలా, నన్ను పిలిచి ఏటి పక్క ఉండే కానుగ చెట్టు చూపించినాడు. కొమ్మల్లో ఎండిన గడ్డి, ప్లాస్టిక్ కవర్లు, ఒక చెప్పు కూడా చిక్కుకోని ఉంది, నా తలకాయ కంటే ఇంకా జానెడు పైన. వాటిని ఎవురూ ఆడ పెట్టలేదు కదా, పోయిన వరదలో నీళ్ళు ఆడి దాకా వచ్చినాయన్నమాట. మీరు యా ఏటి పక్క టెంటు వేసినా ముందు చెట్లు చూడండి, చెత్త ఎంత ఎత్తులో వేలాడతాందో దానికి పైన ఉండే నేలే మనది. తాత మా టెంట్లు రెండూ పెరికి గట్టు పైకి తెచ్చి వేసినాడు, గరికలో మేకు దిగితే కదల్లేదు, ఇసకలో అయితే అట్ల లాగితే ఇట్ల వచ్చేసింది. ఆ మూడు వందలు మాత్రం తగ్గించలేదు, ముందే ఫోన్లో కట్టేసినారు కదా అని.

ఇంకోటి అడగాల్సింది, సైరన్ మోగుతుందా, గేటు ఎత్తే ముందు ఎవురు ఫోన్ చేస్తారు మీకు, అని. తోట ఆయన అంటాడు, అదంతా గేట్లు చూసుకునే లష్కరు మనకు తెలిసినోడే, చెప్తాడు. ఆయన రాత్రి నిద్రపోతే? నవ్వినాడు. దీనికే రెండు స్టార్లు కోసినా.

సరే, తిండి. ఇక్కడ మాత్రం వంక పెట్టేదానికి లేదు. ఆ తోట ఆయన భార్య వండింది, కట్టెల పొయ్యి మీద. రాగి సంగటి వేడి వేడిగా ఉండలు, డ్యామ్ చేపల పులుసు, చెనిక్కాయల ఊరుబిండి, మజ్జిగ. చేప జిలేబీ చేప, పిల్లోళ్ళకి ముండ్లు తీసి పెట్టాల్సి వచ్చింది కానీ పులుసులో చింతపండు పాత చింతపండు, మామిడికాయ ముక్కలు కూడా వేసింది, ఆ పులుపు వేరే. మా వదిన శనివారం మాంసం ముట్టదు, ఆమెకి అడగకుండానే వంకాయ పులగూర చేసి పెట్టినారు. మా అన్న మూడు ముద్దలు తిని నాలుగోది అడిగేదానికి సిగ్గుపడతాంటే ఆమే వచ్చి తిను నాయనా సంగటి పొద్దున్నికి మిగిలితే మజ్జిగలో పిసుక్కోడానికి నాకేం బాధ లేదు, కానీ మిగల్చద్దు అనింది. వాళ్ళ మాటల్లో సగం తెలుగు సగం అరవం, బార్డర్ కదా, మా పిల్లోళ్ళు ఇంటికొచ్చినంక కూడా పోదుం పోదుం (అరవంలో చాలు అని) అనుకుంటా ఉన్నారు.

రాత్రి సంగతి. మొదటిది టాయిలెట్టు, ఇద్దరి మధ్య ఒకటి కాదు, మొత్తం ఎనిమిది టెంట్లకి రెండే, అవి కూడా టెంట్లకి వంద అడుగుల దూరం, దారిలో లైటు లేదు. ఆడోళ్ళు, పిల్లోళ్ళు వస్తే టార్చి కంపల్సరీ, బూట్లు దులిపి వేసుకోండి, ఏటిగట్టు అన్నాక పాములు, తేళ్ళు వాటి ఇంట్లో అవి ఉంటాయి. రెండోది పక్క టెంట్ల కుర్రోళ్ళు, చెన్నై నుంచి వచ్చినారు, ఒక స్పీకరు, దాంట్లో పాటలు ఒంటిగంట దాకా. అమెరికాలో పది గంటల రూలు గుర్తొచ్చి నేను పోయి తమ్ముడూ అని మర్యాదగా చెప్పినా, సారీ అణ్ణా అని తగ్గించినారు, ఐదు నిమిషాలు. ఇది వాళ్ళ తప్పు అని నేను అనను, చెప్పాల్సినోడు నిర్వాహకుడు, ఆయన ఇంటికి పోయి నిద్రపోయినాడు.

పాట ఆగినంక మాత్రం, ఆ నిశ్శబ్దం. డ్యామ్ తూము దగ్గర నీళ్ళు జారే చప్పుడు ఒకటే. మధ్యలో తీతువు పిట్ట అరిచింది, మా వదిన లేచి కూర్చోని దేవుణ్ణి తలుచుకునింది, అది అపశకునం అని ఆమెకి, పాపం ఆ పిట్ట నేల మీద గుడ్లు పెట్టేది, ఎవురు నడిచినా అరుస్తుంది, ఆ కుర్రోళ్ళలో ఎవుడో టాయిలెట్టుకి పోయుంటాడు.

చలి, మంచు గురించి కూడా చెప్పాలి, ఎవురూ చెప్పరు. తెల్లారుజామున మూడు గంటలకి మా పాప నాయనా వాన పడతాంది అని లేపింది, చూస్తే వాన కాదు, టెంటు లోపలే పైనుంచి చుక్కలు కారతాండాయి. మనం వదిలే ఊపిరిలో తేమ పోయి చల్లటి గుడ్డకి తగిలి నీళ్ళైపోతుంది, నలుగురం ఒక టెంట్లో జిప్పులన్నీ గట్టిగా మూసుకోని పడుకుంటే ఇంకేమవుతుంది. ఏటి పక్క గాలిలో తేమ ముందే జాస్తి, దానికి తోడు చలిగాలి బరువు కదా, పల్లంలోకి దిగి కూర్చుంటుంది. తాత చెప్పినట్ట పైన కిటికీ జిప్పు రెండు పక్కలా జానెడు తెరిస్తే తగ్గింది. వాళ్ళ టెంట్లు ఒంటి గుడ్డవి, పైన ఇంకో గుడ్డ కప్పే రకం కాదు, మీ సొంత టెంటు ఉంటే అదే తీసుకపోండి, చోటుకి 500 తీసుకుంటారంట. కింద వేసే పరుపు కూడా పల్చటి ఫోము, కింద నుంచి చలి ఎముకల్లోకి కొడుతుంది, ఒక జంపఖానా ఇంట్లోంచి వేసుకపోతే మీకే మంచిది.

పొద్దున మాత్రం ఇవన్నీ మర్చిపోతారు. ఆరింటికి లేస్తే డ్యామ్ కట్ట సగం మంచులో, కింద బీడంతా తెల్లగా, గొర్రెలోళ్ళు కంబళ్ళు కప్పుకోని గొర్లని దింపతాండారు, సూర్యుడు కట్ట పక్క నుంచి వచ్చేసరికి గరిక మీద ప్రతి బొట్టు మెరుస్తాంది. మా ఇంటామె, ఫోటో అంటేనే విసుక్కునే మనిషి, నన్నొకటి తియ్యండి అనింది.

ఆ ఫోటో తీయబోతానే జరిగింది. వెనక్కి వెనక్కి నడుస్తా, ఇంకొంచెం, ఇంకొంచెం అంటా, టెంటు తాడుకి కాలు తగిలి మేకు మీద పడినా. తాడు నల్లది, మంచులో ఎవురికి కనిపిస్తుంది, ఒక్కో తాడుకి తెల్ల గుడ్డ పీలిక కట్టింటే సరిపోయేది, పది రూపాయల పని. మడమ ఉబ్బింది. ఫస్ట్ ఎయిడ్ ఉందా అంటే జండూబామ్ తెచ్చిచ్చినాడు కుర్రోడు. నాగలాపురం లేదు, సురుటుపల్లి లేదు, బండి మా అన్న నడిపినాడు, దారిలో ఎటూ పుత్తూరే కదా, పుత్తూరు కట్టు కట్టించుకోకుండా ఈ రోడ్డులో ఎముక విరిగినోడు ఎవుడైనా ఇంటికి పోతాడా. ఎముక విరగలా, బెణికింది అంతే అన్నారు, పసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, వెదురు బద్ద పెట్టి గుడ్డ చుట్టినారు.

మా చిన్నోడు మళ్ళీ ఎప్పుడు అంటాడు, పోతాం, వచ్చే జనవరికే, ఈసారి మా టెంటుతో, గట్టు మీదే. ప్రస్తుతానికి కాలు స్టూలు మీద పెట్టుకోని ఇది టైప్ చేస్తాండా, కట్టు విప్పేదానికి ఇంకా నాలుగు రోజులుంది, కోడిగుడ్డు వాసనకి మా ఇంటామె పక్క గదిలో పడుకుంటాంది.