చిన్న మిర్రర్‌లెస్ కెమెరాకు ఏ లెన్సు మేలు? ముందు ఫోకస్ సంగతి తేల్చుకోండి

చిన్న మిర్రర్‌లెస్ కెమెరా కొన్నవాళ్లు రెండు మూడు నెలలు తిరిగేసరికి అడిగే ప్రశ్న ఒకటుంది: "దీంతో వచ్చిన లెన్సు చాలడం లేదు, తర్వాత ఏది కొనాలి?" నేను వెంటనే ఎదురు ప్రశ్న వేస్తాను: మీరు ఎక్కువగా తీసేవి కదిలేవా, కదలనివా? లెన్సును ఒకరోజు, ఫోకస్ పద్ధతిని మరొకరోజు ఆలోచించేవాళ్లకు డబ్బు దండగ. ఎఫ్/1.4 (ఇది అపెర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం అంకె; చిన్నదైతే వెలుతురు ఎక్కువ, స్పష్టంగా ఉండే లోతు తక్కువ) లెన్సు కొని, ఫోకస్ కుదరక దాన్ని ఎఫ్/5.6 దగ్గరే వాడుకునేవాళ్లున్నారు. కొంతకాలం నేనూ ఆ జాబితాలోవాడినే.

కళ్లముందున్న దారులు మూడు. కెమెరాతోనే వచ్చే కిట్ జూమ్, చిన్న ప్రైమ్ (జూమ్ లేని లెన్సు), అడాప్టర్‌తో బిగించుకునే పాత మాన్యువల్ లెన్సు.

కిట్ జూమ్‌ను చులకన చేయడం ఒక ఫ్యాషన్. ఒలింపస్ 14-42 ఈజెడ్ బరువు 93 గ్రాములు, ముడుచుకున్నప్పుడు మందం 22.5 మి.మీ. సోనీ 16-50 పవర్ జూమ్ 116 గ్రాములు. కెమెరా చిన్నదిగా ఉండాలనే కదా కొన్నాం, ఆ కోరికను పూర్తిగా తీర్చేవి ఇవే. ఫోకస్ కోసం లోపల కదిలే గాజు తేలిక కాబట్టి ఆటోఫోకస్ చురుగ్గా, చప్పుడు లేకుండా పనిచేస్తుంది. చిక్కంతా సాయంత్రం గదిలో. ఎఫ్/5.6 దగ్గర అందే వెలుతురు ఎఫ్/1.8తో పోలిస్తే దాదాపు పదోవంతు. ప్రైమ్‌తో సెకనులో 160వ వంతులో అయ్యే పని ఇక్కడ 16వ వంతు దాకా సాగుతుంది. స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును ఆపగలదు, ఎదుటి మనిషి తల తిప్పడాన్ని ఆపలేదు. పగటి ప్రయాణాలకు, వీడియోకు మాత్రం నేను ఇప్పటికీ దీన్నే బిగిస్తాను.

ప్రైమ్ అనగానే అందరూ అపెర్చర్ అంకె చూస్తారు. నేను ముందుగా చూసేది ఫోకస్ చేసేటప్పుడు ఎంత గాజు కదులుతోందన్నది. లెన్సును ఎదురుగా పెట్టుకొని షట్టర్ బటన్ సగం నొక్కండి. ముందు గాజుతో సహా లోపలి గుత్తి మొత్తం ముందుకు వెనక్కు జరుగుతుంటే మోటారు పెద్ద బరువే మోస్తోందన్నమాట. ముందు గాజు కదలకుండా లోపల చిన్న ముక్కలే జరిగితే పని త్వరగా అవుతుంది. ఫుజీఫిల్మ్ 35 మి.మీ. లెన్సుల్లో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఎఫ్/1.4ది 187 గ్రాములు, బొమ్మ తీరు ముచ్చటగా ఉంటుంది, ఫోకస్ మాత్రం కాస్త గరగరలాడుతూ నిదానంగా సాగుతుంది. ఎఫ్/2ది 170 గ్రాములు, లోపలే ఫోకస్ చేసుకుంటుంది, తుంపర్లకూ తట్టుకుంటుంది. పరుగెత్తే పిల్లలున్న ఇంటికి రెండోదే మేలు. పానసోనిక్ 20 మి.మీ. ఎఫ్/1.7 సంగతీ ఇంతే. 2009లో వచ్చిన ఈ పాన్‌కేక్ (పలుచని) లెన్సు బరువు 100 గ్రాములే, పిట్ట కొంచెం కూత ఘనం. కానీ దీనికి కంటిన్యువస్ ఆటోఫోకస్ (కదిలేదాన్ని వెంటాడే ఫోకస్) లేదు. నిలబడి కబుర్లు చెప్పే మనుషులను తీయడానికి బంగారం, ఆటలకు పనికిరాదు.

ఏ ఫోకల్ లెంగ్త్ (లెన్సు ఎంత వెడల్పు చూస్తుందో చెప్పే మి.మీ. అంకె) అన్నది సెన్సర్‌ను బట్టి ఉంటుంది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36×24 మి.మీ. అయితే మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సర్ 17.3×13. అందుకే అక్కడ 25 మి.మీ. లెన్సు, ఫుల్‌ఫ్రేమ్‌లో 50 చూసినంతే చూస్తుంది. ఈ రెంటికీ మధ్య సైజు సెన్సరైన ఏపీఎస్-సీలో అదే చూపు కావాలంటే 35 మి.మీ. దగ్గరగా ఉంటుంది. మొదటి ప్రైమ్‌గా 50 చూపునే చాలామంది సూచిస్తారు. నాకు అది గదుల్లో ఇరుకు, వీపు గోడకు తగులుతుంది. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 17, ఏపీఎస్-సీలో 23 మి.మీ. అయితే ఒక అడుగు ముందుకు వేస్తే చాలు.

ఇక పాత లెన్సులు. నికాన్ ఎఫ్ మౌంట్‌లో లెన్సు అంచుకూ ఫిల్ముకూ మధ్య దూరం 46.5 మి.మీ., సోనీ ఇ మౌంట్‌లో సెన్సర్‌కు 18. పాత కెమెరాల్లో ఉండే అద్దం తీసేయడంతో మిగిలిన ఆ ఖాళీని భర్తీ చేసే బోలు రింగే అడాప్టర్. అందులో గాజు ఉండదు, బొమ్మ చెడదు. అయితే ఇల్లు అలకగానే పండగ కాదు. లెన్సు లేకపోయినా షట్టర్ పడేలా మెనూలో మార్చుకోవాలి. బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే ఫోకల్ లెంగ్త్ మనమే నమోదు చేయాలి. అపెర్చర్ చేత్తో తిప్పాలి. పైగా పాత 28 మి.మీ. వైడ్ లెన్సు చిన్న సెన్సర్ మీద 42 గానో 56 గానో మారి, వైడ్ అన్న మాటే పోతుంది. కాబట్టి పాతవాటిలో కొనదగ్గది 50 మి.మీ., పోర్ట్రెయిట్లకు.

అలా కొన్న 50ని ఏపీఎస్-సీ మీద ఎఫ్/1.8 దగ్గర పెట్టి మీటరు దూరంలోని ముఖాన్ని తీయండి. స్పష్టంగా ఉండే లోతు సుమారు 3 సెంటీమీటర్లు. ఫోకస్ పీకింగ్ (స్పష్టమైన అంచులకు రంగు పూసి చూపే సౌకర్యం) ఆన్ చేస్తే కనురెప్పలు, కనుబొమలు, ముక్కుకొన, వీటితోపాటు గళ్ల చొక్కా కాలరు, అన్నీ ఒకేసారి ఎర్రగా మెరుస్తాయి. మీరు సంతోషంగా నొక్కుతారు. తెర మీద పెద్దది చేసి చూస్తే నిజంగా స్పష్టంగా ఉన్నది కాలరే. పీకింగ్ వెతికేది గీతల దగ్గర వెలుగునీడల తేడాను, కళ్లను కాదు. పెద్దది చేసి చూసే పద్ధతి నిదానమే కానీ నమ్మదగ్గది. అపెర్చర్ పూర్తిగా తెరిచి, ఫోకస్ చతురస్రాన్ని కంటి మీదికి జరిపి, పెద్దది చేసి, రింగును స్పష్టత దాటేదాకా తిప్పి మళ్లీ వెనక్కు తేవాలి. కదలని మనిషికి ఇదే. టెలీ లెన్సుతో చేతిలో పట్టుకొని ఇలా చూస్తే తెరంతా ఊగిపోతుంది, అప్పుడు పీకింగ్ కాస్త నయం. దాని సున్నితత్వం తగ్గించి, ప్రివ్యూను నలుపు-తెలుపులోకి మార్చుకుంటే ఎర్ర గీతలు విడిగా కనబడతాయి. రా ఫైల్లో (సెన్సర్ పట్టినదాన్ని ఉన్నదున్నట్టు దాచే ఫైలు) రంగులు భద్రంగానే ఉంటాయి.

కొత్త లెన్సులను కూడా చేత్తో ఫోకస్ చేయవచ్చు కదా అంటే, చేయవచ్చు కానీ వేళ్లకు రుచించదు. చాలావాటిలో రింగుకూ గాజుకూ నేరుగా లంకె లేదు, తిప్పుడును చూసి మోటారు కదులుతుంది. ఒలింపస్ 17 మి.మీ. ఎఫ్/1.8 దీనికి మినహాయింపులాంటిది. రింగును వెనక్కు లాగితే దూరాల అంకెలు బయటపడతాయి. దాన్ని ఎఫ్/8, 2.4 మీటర్ల దగ్గర పెట్టేస్తే 1.2 మీటర్ల నుంచి అనంతం దాకా చెప్పుకోదగ్గ స్పష్టత వస్తుంది. వీధిలో నడుస్తూ తీసేవాళ్లకు ఇంతకన్నా వేగమైన ఫోకస్ లేదు, ఎందుకంటే అప్పటికే అయిపోయింది. అయితే వెలుతురు బాగా ఉండాలి.

ఆటోఫోకస్‌లో నిర్ణయం సులువు. కంటిని గుర్తించే సౌకర్యం ఉంటే మనుషులకు అదే వాడండి. లేకపోతే ఒక్క చిన్న పాయింటును తాకి జరుపుకోండి. ఫ్రేమంతా కెమెరాకు అప్పగిస్తే దానికి నచ్చినదాన్ని పట్టుకుంటుంది. మధ్య పాయింటుతో పట్టి కెమెరా తిప్పే పాత అలవాటు మీటరు దూరంలో ఎఫ్/1.8 దగ్గర దెబ్బతీస్తుంది.

కదిలేవాటికి సెన్సర్‌లో ఫేజ్ డిటెక్షన్ ఉందో లేదో చూసుకోవాలి. ఉంటే ఫోకస్ ఎటు ఎంత జరగాలో కెమెరాకు ముందే తెలుస్తుంది. కాంట్రాస్ట్ పద్ధతి ఒక్కటే ఉంటే కొంచెం దాటి, తప్పు తెలుసుకొని వెనక్కు రావాలి. పానసోనిక్ తన లూమిక్స్ మిర్రర్‌లెస్‌లలో 2023 దాకా ఈ రెండో పద్ధతితోనే నెట్టుకొచ్చింది. ఆ తరం చిన్న బాడీ మీ దగ్గరుంటే ఎంత మంచి లెన్సు బిగించినా ఎదురొచ్చే పిల్లాడిని వెంటాడటం కష్టమే.

నా పాత కెమెరా అలాంటిదే. మా అమ్మాయి ఉయ్యాల ఊగుతుంటే ఆటోఫోకస్‌తో ముప్పై తీశాను, మూడు కూడా దక్కలేదు. తర్వాత పాత 50 బిగించాను. ఉయ్యాల నా వైపు చివరంటా వచ్చి, వెనుదిరిగే ముందు ఒక్క క్షణం గాలిలో ఆగుతుంది. దాన్ని అక్కడే పట్టుకొని ఆపి, కంటి మీద పెద్దది చేసి ఫోకస్ పెట్టి, వదిలేశాను. ఆ తర్వాత రింగు ముట్టుకోలేదు. ఆగిన ప్రతిసారీ నొక్కడమే. పదిలో ఆరు నిలిచాయి.